గాజులు తీయని కేస్లవ్వ ఎక్స్‌రే

అది 2017 చలికాలం. పాత వరంగల్ జిల్లా విడిపోయి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కొత్త జిల్లాలై ఏడాది దాటింది. ఆఫీసుల బోర్డుల మీద పాత పేర్లు ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు. నేనప్పుడు వరంగల్‌లో ఒక వైద్య కళాశాలలో రేడియాలజీ ప్రొఫెసర్‌ని. రేడియాలజీ అంటే ఎక్స్‌రేలు, స్కానింగుల శాస్త్రం. మనిషి లోపలి బొమ్మ తీసి, దాన్ని చదివి, ఏం జబ్బో చెప్పడం మా పని. చీకటి గదిలో కూర్చొని బొమ్మలు చూసే ఉద్యోగం కాబట్టి మాలో చాలామందికి రోగుల ముఖాలు గుర్తుండవు, ఊపిరితిత్తులు గుర్తుంటాయి. కేస్లవ్వ విషయంలో మాత్రం నాకు రెండూ గుర్తున్నాయి.

నా పరిశోధన అంతా ఛాతీ ఎక్స్‌రేల మీదే సాగింది. తోటివాళ్లు సీటీ వైపు, ఎంఆర్ఐ వైపు వెళ్లిపోయారు. "ఇంకా ఆ పాత ఎక్స్‌రేలేనా?" అని స్నేహితులు ఎగతాళి చేసేవారు. నేను పుట్టింది స్టేషన్ ఘన్‌పూర్‌లో. మా నాయినకు రైల్వే స్టేషన్ ఎదురుగా సైకిళ్ల దుకాణం ఉండేది. దగ్గుతూ రైలెక్కి వరంగల్ దవాఖానకు పోయేవాళ్లను చిన్నప్పటి నుంచి చూసినదాన్ని. వాళ్లకు అందుబాటులో ఉండేది ఒక్క ఎక్స్‌రేనే. అందుకే దాన్ని వదలబుద్ధి కాలేదు.

ఆ ఏడాది మా విభాగానికి ఒక వ్యాన్ వచ్చింది. అందులో ఎక్స్‌రే మెషిన్ బిగించి ఉంది. తీసిన బొమ్మను చూసి, టీబీ అనుమానం ఉందో లేదో చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాం కూడా ఇచ్చారు. అలాంటివి అప్పుడప్పుడే వస్తున్నాయి. అనుమానం ఉంటే తెర మీద ఎర్ర గుర్తు, లేకపోతే ఆకుపచ్చ గుర్తు. రేడియాలజిస్టు అడుగుపెట్టని ఊళ్లలో ఈ వ్యానూ, ఈ కంప్యూటరూ కలిసి టీబీని ముందే పట్టుకోగలవా అన్నది మా పరిశోధన ప్రశ్న. ఒక వారం ఘన్‌పూర్ చుట్టుపక్కల, ఒక వారం గార్ల వైపు, మరో వారం గోదావరి పక్కన మహదేవపూర్ దాకా తిరిగేవాళ్లం. టెక్నీషియన్ యాకూబ్, డ్రైవరు, నేను. యాకూబ్ ముందు సీట్లో కూర్చొని దారి పొడుగునా ఏ ఊళ్లో మిర్చి బజ్జీలు బాగుంటాయో చెబుతుండేవాడు. వాటి కోసం వ్యాన్ ఆగని రోజు లేదు. నా ఉద్యోగంలో నేను అంతగా నవ్విన కాలం మరొకటి లేదనుకుంటాను.

గార్ల మండలంలో ఒక లంబాడీ తండాకు వెళ్లాం. పత్తి ఏరే రోజులు. పొలానికి పోకముందే బొమ్మలు తీయాలని పొద్దున్నే చేరుకున్నాం. ఆ తండా ఆశా కార్యకర్త బుజ్జి అందరినీ పిలుచుకొచ్చింది. ఆమెదీ అదే తండా. పెద్దవాళ్లతో లంబాడీలో, మాతో తెలుగులో గలగలా మాట్లాడుతూ లైను నడిపిస్తోంది. ఆడవాళ్లు రవిక మార్చుకోవడానికి వ్యాన్ పక్కనే గుడ్డలతో చిన్న గది కట్టాం. అద్దాల రవికతో ఎక్స్‌రే తీస్తే ఒక్కో అద్దం ఊపిరితిత్తిలో గుండ్రటి మచ్చలా కనిపిస్తుంది. జబ్బు కాకుండా జబ్బులా కనిపించే ఇలాంటి వాటిని మేము ఆర్టిఫాక్ట్ అంటాం. కంప్యూటరుకు అద్దానికీ జబ్బుకూ తేడా తెలియదు.

లైను సగం నడిచాక యాకూబ్ నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, ఒక అవ్వ గాజులు తీయనంటున్నది. ఏం చెప్పినా ఇంటలేదు. పక్కకు పెట్టమంటరా?"

ఆ మాటలో తప్పేమీ లేదు. మా పరిశోధనకు ప్రోటోకాల్ ఉంది. అంటే అందరికీ ఒకే పద్ధతిలో బొమ్మ తీయాలన్న నియమం. రోగి బొమ్మ పడే ప్లేటుకు ఛాతీ ఆనించి, చేతులు నడుము మీద పెట్టి, భుజాలు ముందుకు వంచి నిలబడాలి. దీన్ని పీఏ వ్యూ అంటారు. ఒంటి మీద అడ్డం వచ్చేదేదీ ఉండకూడదు. ఒప్పుకోనివాళ్లను పరిశోధనలోంచి వదిలేయవచ్చు. నేను వ్యాన్ దిగి వెళ్లాను.

మంచం మీద ఒక పెద్దామె కూర్చొని ఉంది. ఎర్ర గాగ్రా, పాత అద్దాల రవిక, తల మీద కొంగు. తండాలో ఆ కట్టు కట్టేవాళ్లు అప్పటికే ఇద్దరో ముగ్గురో మిగిలారు. మోచేతి పైనుంచి భుజం దాకా తెల్లటి ఎముక గాజులు. తండాలో వాటిని బలియా అంటారు. దగ్గు వచ్చినప్పుడల్లా కొంగుతో నోరు గట్టిగా మూసుకుంటోంది.

"ఏం పేరు అవ్వా?"

"కేస్లి."

"దగ్గు ఎప్పటి సంది ఉన్నది?"

"వానకాలం సంది. పత్తి ఏరుడు గూడ వచ్చింది, గిది మాత్రం పోతలేదు."

"చెమటలు పడుతున్నయా?"

"పడ్తయ్. బక్కగైన గూడ. రవిక సూడు, ఎట్ల వదులైందో."

ఇంక నాకు ఎక్స్‌రే తీయకుండా కదలాలని లేదు. "మరి ఫొటో తీస్తే ఏమున్నదో తెలుస్తది. జర గాజులు తీయరాదు, అవ్వా? అయిపోంగనే మళ్ల ఏసుకుందువు."

ఆమె కాసేపు నా ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. ఈ మనిషికి ఎలా అర్థమయ్యేలా చెప్పాలా అన్నట్టు చూసింది.

"డాక్టరమ్మా, రవిక ఇడువుమను, ఇడుస్త. ఎండి గొలుసు తియ్యమను, తీస్త. గివి మాత్రం అడుగకు. మళ్ల ఏసుకునేటియి కావు గివి. నా మనిషి లేడన్ననాడు తీసేటియి."

బుజ్జి నన్ను పక్కకు తీసుకెళ్లి సంగతి చెప్పింది. కేస్లి భర్త వాల్యా. చాలా ఏళ్ల కింద కాలువ పనులకని గుంపుతో మహారాష్ట్ర వైపు పోయాడు. మొదట్లో ఎవరో ఒకరి ద్వారా కబురు వచ్చేది. తరవాత గుంపు తిరిగొచ్చింది, వాల్యా రాలేదు. వేరే పని దొరికిందని మరో మేస్త్రీతో వెళ్లాడన్నారు. అంతే. బతికి ఉన్నాడో లేదో తెలియదు. చనిపోయాడని తండా అంతా అనుకుంటోంది, కేస్లి ఒక్కతే అనుకోవడం లేదు.

మేం మాట్లాడుతుండగానే ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. వాల్యా తమ్ముడు లచ్చు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"డాక్టరమ్మా, మంచి మాట చెప్పిన్రు. మా మాట ఇనదు, మీ మాటన్న ఇంటదేమో. ఫొటో కోసమని చెప్పి తీపియ్యిన్రి. గట్లనన్న ఒక దారి అయితది."

"ఏం దారి?"

"మా చిన్నబిడ్డ పెండ్లి ఉన్నది, వచ్చే ఎండకాలం. పసుపు కాడికి మా వదినెను పిలువాల్నా, వద్దా? ప్రతి పెండ్లిల గిదే లొల్లి. పిలిస్తే ఒకలు గునుగుతరు, పిలువకుంటే ఈమె ఏడుస్తది. ఉన్నడో లేడో ఎన్నేండ్లని గిట్ల?"

కేస్లి మంచం మీద నుంచే అంది, "నువ్వు పిలువకున్నా సరే లచ్చూ, నేను తియ్య."

చుట్టూ నలుగురు చేరారు. ఒకామె, "డాక్టరే చెప్పినంక తీస్తే తప్పేంది?" అంది. మరొకామె, "పానం కన్న గాజులెక్కువనా?" అంది. అప్పుడు నాకు విషయం అర్థమైంది. నేను ఇంకొక్కసారి గట్టిగా అడిగితే ఆమె ఓడిపోతుంది. ఎక్స్‌రే కోసమని మొదలై, ఆ తండాలో ఒక మనిషి చావు నా నోటి మీదుగా ఖాయమైపోతుంది. వాల్యా ఉన్నాడా లేడా అన్నది నా మెషిన్ చెప్పగలిగే విషయం కాదు. చెప్పే అధికారం నాకు అసలే లేదు.

"వద్దు అవ్వా, తీయకు," అన్నాను. "గాజులు ఉండంగనే తీస్త ఫొటో."

యాకూబ్ నన్ను అనుమానంగా చూశాడు. "మేడం, ఎట్ల? చేతులు నడుము మీద పెడితే గాజులు సక్కగ ఊపిరితిత్తుల మీదికే వస్తయ్. ఎముక గాజులు, ఎముక లెక్కనే తెల్లగ పడ్తయ్. ఏం కనవడది."

"నడుము మీద పెట్టనియ్యకు యాకూబ్. పైకి ఎత్తమను."

ఆ మాట అంటుంటే నాకు మా ప్రొఫెసర్ నరహరి గారు గుర్తొచ్చారు. నేను పీజీ చదివే రోజుల్లో ఎక్స్‌రే అంటే ఫిల్మే. డార్క్ రూంలో ఎర్ర దీపం కింద డెవలపర్ తొట్టిలో ముంచితే బొమ్మ నెమ్మదిగా నీళ్లలోంచి పైకి తేలినట్టు వచ్చేది. తరవాత హైపోలో ముంచేవాళ్లం, అది బొమ్మను నిలబెట్టే మందు. దాని పుల్లటి వాసన బట్టలకు పట్టి హాస్టల్ దాకా వచ్చేది. నరహరి గారికి ఆగే ఓపిక ఉండేది కాదు. నీళ్లు కారుతున్న ఫిల్మునే పట్టుకొని కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతురులో చూసేవారు. ఆయన చొక్కా ముందు భాగమంతా మరకలే. మేము వరసగా వెనక నిలబడి ఆయన భుజాల మీదుగా తొంగి చూసేవాళ్లం.

ఊపిరితిత్తి పైకొసను ఏపెక్స్ అంటారు. టీబీకి ఆ చోటంటే ఇష్టం. సరిగ్గా దాని మీదే కాలర్ బోన్ అడ్డంగా ఉంటుంది. "ఈ ఎముక చాటున దాక్కుంటే మీరెవరూ కనిపెట్టలేరు," అని నరహరి గారు నవ్వేవారు. "మరేం చేస్తారు? దొంగ బయటికి రాకపోతే గోడనే జరపాలి." అని ఒక విద్యార్థిని పిలిచి, ప్లేటుకు వీపు పెట్టి, అడుగు ముందుకు నిలబెట్టి, భుజాలు మాత్రం ప్లేటుకు ఆనేలా వెనక్కి వాల్చేవారు. అలా వాలితే కాలర్ బోన్ పైకి జరిగిపోతుంది, పైకొస ఖాళీగా కనిపిస్తుంది. లార్డోటిక్ వ్యూ అంటారు దాన్ని. నడుము విల్లులా వంగుతుందని ఆ పేరు. ఒకసారి నన్నే నిలబెట్టి, "ఘన్‌పూర్ స్టేషన్‌ల రైలు కోసం ఎదురుచూసి నడుం నొప్పి వచ్చినట్టు నిలబడమ్మా," అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. సీటీలు వచ్చాక ఆ పద్ధతిని అందరూ మరిచారు. కంప్యూటరుకు నేర్పిన బొమ్మల్లో అది లేనే లేదు. నరహరి గారు కూడా అప్పటికి లేరు.

కేస్లవ్వ గుడ్డల గదిలో రవిక మార్చుకొని, మేమిచ్చిన గౌను తొడుక్కొని వ్యాన్ ఎక్కింది. మెట్టు ఎక్కడానికే ఆయాసపడింది. ముందు మామూలుగా ప్లేటుకు ఛాతీ ఆనించి, రెండు చేతులూ తల మీద పెట్టుకోమన్నాం. బుజ్జి లంబాడీలో చెబుతోంది, ఆమె చేస్తోంది. భుజాల కీళ్లు పట్టేసి చేతులు పూర్తిగా లేవలేదు. గాజుల్లో కొన్ని ఇంకా పక్కల మీదకు వచ్చే ఉన్నాయి. యాకూబ్ బొమ్మ తీశాడు. కంప్యూటర్ కాసేపు ఆలోచించి ఆకుపచ్చ గుర్తు చూపించింది.

"ఏం లేదంటున్నది మేడం," అన్నాడు యాకూబ్, కొంచెం తేలికపడి.

తెర మీదకు వంగి చూశాను. కింద అంతా శుభ్రంగానే ఉంది. పైకొసల్లో మాత్రం కాలర్ బోన్ నీడ, గాజుల అంచులు కలిసిపోయి, ఉన్నదీ లేనిదీ తెలియకుండా ఉంది. ఇలాంటప్పుడు బొమ్మ "ఏం లేదు" అని చెప్పినట్టు కాదు, ఏమీ చెప్పనట్టు.

"ఇంకొకటి తీద్దాం. ఈసారి వెనక్కి వాల్చి."

కేస్లవ్వను తిప్పి, వీపు ప్లేటు వైపు పెట్టి, చేతులు పైకెత్తించి, మెల్లగా వాల్చాం. భయపడకుండా మొదట నేనే వాలి చూపించాను. ఆమె ఫక్కున నవ్వింది. నవ్వుతో పాటు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. అది ఆగేదాకా ఆగాం. బుజ్జి సీసం ఏప్రన్ వేసుకొని, ఆమె పడకుండా పక్కన నిలబడింది. "ఊపిరి పట్టమను," అని యాకూబ్ అరిచాడు. చిన్న బీప్ వినిపించింది.

ఈసారి కంప్యూటర్ రంగేమీ చూపలేదు. భంగిమ సరిగా లేదు, చదవలేనని రాసింది. దాని సాయం లేకుండానే మేమిద్దరం తెర వైపు చూశాం. కాలర్ బోన్లు రెండూ పైకి జరిగాయి. గాజులు బొమ్మ పై అంచుకు వెళ్లిపోయాయి. ఖాళీ అయిన చోట కుడివైపు పైకొసలో మసక నీడ, దాని నడుమ నల్లటి గుంట. జబ్బు ఊపిరితిత్తిని తినేసి చేసిన గుంటను క్యావిటీ అంటారు. అది ఉందంటే జబ్బు ముదిరిందనీ, దగ్గిన ప్రతిసారీ పక్కవాళ్లకు అంటుకునే ప్రమాదం ఉందనీ అర్థం.

యాకూబ్ మెల్లగా అన్నాడు, "మేడం, గిది ఇందాక యాడున్నది?"

"గక్కడనే ఉన్నది యాకూబ్. మనకు కనవడలే."

మామూలు పద్ధతిలో గాజులు తీయించి, చేతులు నడుము మీద పెట్టించి తీసుంటే కూడా ఆ నీడ కాలర్ బోన్ చాటునే ఉండేది. ఆకుపచ్చ గుర్తు వచ్చేది. ఆమె ఒట్టి చేతులతో, ఏమీ లేదన్న మాటతో ఇంటికి వెళ్లేది. ఆమె తీయననడం వల్లే అది దొరికింది.

వ్యాన్ మెట్ల మీద పక్కన కూర్చొని ఆమెకు చెప్పాను. తెమడ పరీక్ష చేయాలనీ, టీబీ అయ్యుండొచ్చనీ చెప్పాను. కళాశాలలో మాకు 'కఫం' అని నేర్పారు. తెమడ అంటే కోస్తా నుంచి వచ్చిన సీనియర్లు నవ్వేవారు. కానీ నేను తెమడ అంటేనే మా వాళ్లకు అర్థమవుతుంది.

"మందులున్నయా దీనికి?" అని అడిగింది.

"ఉన్నయ్. ఆరు నెలలు ఇడువకుండ మింగాలె."

"దవాఖానల ఉండాల్నా? ఇల్లు ఇడిచి రాను బిడ్డా. కొడుకు, కోడలు పొద్దంత చేన్లనే ఉంటరు, ఆయన వచ్చేవరకు తాళం కనవడొద్దు."

"ఉండొద్దు. బుజ్జి ఇంటికే తెచ్చిస్తది."

ఆమె తల ఊపి, రవిక మార్చుకోవడానికి వెళ్లింది. అక్కడే నిలబడి ఉన్న లచ్చు అందరూ పోయేదాకా ఆగి నా దగ్గరికి వచ్చాడు.

"నన్ను పాపిష్టోన్ని అనుకోకున్రి డాక్టరమ్మా," అన్నాడు. "అన్న ఫొటో పట్టుకొని నేనూ తిరిగిన. మహారాష్ట్రల ఏ టేషన్ల దిగిన్నో, ఎందరిని అడిగిన్నో. మా అన్న కోసం నేను ఇంతవరకు ఏడ్వలే. ఏడ్వాల్నంటే లేడని ఎవరన్న ఒకరు అనాలె గదా. గామె అననియ్యదు."

ఆ అన్నదమ్ముల గురించి నాకు తెలిసింది ఆ నాలుగు మాటలే. అవి చాలు అనిపించింది.

తెమడ పరీక్షలో టీబీ అని తేలింది. మందులు మొదలయ్యాయి. ఇంట్లో కొడుకు, కోడలు, చంటిపిల్ల ఉన్నారు. వాళ్లకు పరీక్షలు చేయించాం, చంటిపిల్లకు జబ్బు రాకుండా మందు ఇప్పించాం. మా వ్యాన్ మహదేవపూర్ వైపు వెళ్లిపోయింది.

సంక్రాంతి దాటాక ఒకరోజు బుజ్జి ఫోన్ చేసింది. "మేడం, యాడి మందులు బంజేసింది. మూత్రం ఎర్రగ వస్తున్నదంట, రక్తం పోతున్నదని భయపడ్డది. పైంగ కక్కులు. నేనెంత చెప్పినా ఇంటలేదు." యాడి అంటే లంబాడీలో అమ్మ. తండాలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు.

టీబీ మందుల్లో ఒకదాని వల్ల మూత్రం ఎర్రగా రావడం మామూలే. కానీ మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది, తరవాత అవే మందులు పనిచేయకపోవచ్చు. మరుసటి రోజు యాకూబ్‌ని తీసుకొని గార్ల వెళ్లాను. కేస్లవ్వ గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. ముఖం పీక్కుపోయింది. నేను ఎర్రరంగు సంగతి వివరించాను. వాంతులు తగ్గడానికి మందు ఇస్తానన్నాను. ఆమె విన్నది, కానీ చేయి చాపలేదు.

"ఎందుకు బిడ్డా ఇదంత? ముసల్దాన్ని. బతికి ఏం జెయ్యాలె?"

లచ్చు ఎప్పుడు వచ్చాడో గడప దగ్గర కూర్చొని ఉన్నాడు. లేచి నీళ్ల చెంబు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"వదినె, రేపు మా అన్న వచ్చి, 'ఏదిరా మా ఇంటిది' అంటే నేనేం చెప్పాలె? మందులు మింగక పోయిందని చెప్పాల్నా?"

అన్న రాడని అందరికంటే గట్టిగా నమ్మినవాడు లచ్చు. అన్న వస్తాడని ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో అతని గొంతు చెబుతోంది. కేస్లవ్వకూ తెలిసింది. మరిది ముఖంలోకి చాలాసేపు చూసింది. తరవాత చెంబు అందుకుంది. బుజ్జి మాత్రలు ఆమె అరచేతిలో పెట్టింది.

ఆ రోజు నుంచి మాత్రలు మింగించే పని లచ్చు తీసుకున్నాడు. పొలానికి పోతూ వదినె గడప దగ్గర ఆగి, ఆమె మింగేదాకా నిలబడి, అప్పుడు కదిలేవాడని బుజ్జి చెప్పింది. ఎండాకాలంలో అతని బిడ్డ పెళ్లయింది. పసుపు దగ్గరికి వదినెను తనే వెళ్లి పిలుచుకొచ్చాడట. గునిగేవాళ్లు గునిగారు. "మా అన్న పెండ్లాన్ని పిలిచిన, మీకేం నొప్పి?" అన్నాడట.

పరిశోధన వైపు నా ఇబ్బంది వేరు. ప్రోటోకాల్ ప్రకారం తీయని బొమ్మ కాబట్టి కేస్లవ్వ ఎక్స్‌రేను లెక్కలోంచి తీసేయాలని సమీక్ష సమావేశంలో ఒకాయన అన్నారు. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. ఒక్కొక్కరికి ఒక్కోలా తీస్తే కంప్యూటర్ పనితనాన్ని కొలవలేం. నేను రెండు బొమ్మలూ పక్కపక్కన తెర మీద పెట్టాను. "పద్ధతి ఒకటే ఉండాలన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ పద్ధతిలో నిలబడలేని వాళ్లందరినీ వదిలేస్తే, మన లెక్క ఎవరి గురించి? ఈ జబ్బు ఎక్కువగా దాక్కునేది ఆ వదిలేసిన వాళ్లలోనే," అన్నాను. చాలాసేపు వాదన జరిగింది. చివరికి పాత లెక్కను అలాగే ఉంచి, గాజులు తీయలేని వాళ్లకు, భుజాలు వంగని ముసలివాళ్లకు చేతులెత్తి వాలి తీసే బొమ్మను విడిగా చేర్చడానికి ఒప్పుకున్నారు. ఆ బొమ్మలను కంప్యూటర్ కాదు, మనిషే చదవాలని రాసుకున్నాం. ఆ తరవాత మహదేవపూర్ దగ్గర ఒక ముసలాయనలో, ఘన్‌పూర్ దగ్గర ఒక బీడీలు చుట్టే అవ్వలో అలాగే దాక్కున్న నీడలు దొరికాయి. యాకూబ్ దానికి తనే ఒక పేరు పెట్టుకున్నాడు, కేస్లవ్వ వ్యూ అని. మా వ్యాన్‌లో అదే పేరు నిలిచిపోయింది.

ఇప్పుడు నేను రిటైరయ్యాను. యాకూబ్ కూడా రిటైరై కాజీపేటలో ఉంటున్నాడు. అప్పుడప్పుడు ఫోన్ చేసి ఆ ఊళ్ల బజ్జీల బండ్లు ఇంకా ఉన్నాయో లేదో అడుగుతాడు. చేతిలో పట్టుకొని తీసే ఎక్స్‌రే మెషిన్లు వచ్చాయి, కంప్యూటర్లు మరింత తెలివిమీరాయి. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఊళ్లకు పోతూ సలహా అడిగితే ఒక్కటే చెబుతాను. రోగి మీరు చెప్పినట్టు నిలబడనంటే, ఎందుకో ముందు అడగండి. ఆ తరవాత మెషిన్‌ను జరపండి. మెషిన్ జరుగుతుంది, దానికి పోయేదేమీ లేదు. నరహరి గారు దొంగ కోసం గోడ జరపమన్నారు. మనిషి కోసం జరపాలన్నది నాకు కేస్లవ్వ నేర్పింది.

అప్పట్లో ఆరు నెలల మందులు అయిపోయాక కేస్లవ్వ వరంగల్‌లో మా విభాగానికి వచ్చింది. గార్లలో ప్యాసింజర్ ఎక్కించి లచ్చు వెంట తీసుకొచ్చాడు. కొంచెం ఒళ్లు చేసింది. మెట్లు ఆగకుండా ఎక్కింది. మళ్లీ బొమ్మ తీశాం. గుంట పూడిపోయింది, సన్నటి మచ్చ మాత్రం మిగిలింది. మామూలుగా మేం రోగులకు బొమ్మ చూపించం. ఆమెను మాత్రం తెర ముందు కుర్చీలో కూర్చోబెట్టి పాతదీ కొత్తదీ చూపించాను. జబ్బు పోయిన చోటును ఆమె ఎక్కువసేపు చూడలేదు. వేలు చాపి బొమ్మ నడుమ చూపించింది.

"గీ తెల్లగ ఉన్నదేంది?"

"గుండె అవ్వా."

"నాదేనా?"

"నీదే."

కుర్చీలోంచి ముందుకు వంగి చూసింది. "గిట్ల ఒక దిక్కుకు ఒరిగిందేంది?"

"అందరికి గట్లనే ఉంటది. ఎడమ దిక్కుకు ఒరిగే ఉంటది."

"అందరికా?"

"అందరికి. నాకు గూడ. లచ్చుకు గూడ."

ఆమె వెనక్కి వాలి, మరిది వైపు ఒకసారి చూసి, మళ్లీ బొమ్మ వైపు చూసి నవ్వింది.

"అట్లనా. నాకొక్కదానికే అనుకున్న."